మగ్గానికి రెండో పక్క

నిలువు మగ్గం ముందు నిలబడి చకచకా నేస్తున్న హైమవతి కుడిచెయ్యి బట్ట సగం వెడల్పుకు రాగానే మళ్ళీ ఆగిపోయింది. నిలువుగా వేలాడే పడుగు పోగుల సందులోంచి దారపుకండెను కుడివైపుకు చాచి పట్టుకుని అలాగే ఉండిపోయింది. వెనక్కి లాక్కుందామంటే రాదు. కండెను అవతలికి తోసేద్దామంటే వేళ్ళు వదలవు. ఆఫీసులో అర్జీ పట్టుకు నిలబడ్డ మనిషిలా ఆ చెయ్యి ఎవరికోసమో ఎదురుచూస్తోంది.

"మళ్ళీ అక్కడేనా?" అంది అంపారో, చేతిలో కప్పు బల్లమీద పెడుతూ.

"అక్కడే. చెయ్యి నాదే గాని పని నాది కాదుగా. ఎందుకాగిందో నన్నడిగితే ఏం చెప్పను?"

అంపారో పురావస్తు శాస్త్రవేత్త. స్పెయిన్ తూర్పు తీరానికి కాస్త లోపలగా, రాళ్ళూ ముళ్ళపొదలూ తప్ప ఏమీ లేని గుట్ట ఒకదాన్ని సగం జీవితం తవ్వుతూ గడిపింది. ఆ గుట్టమీద ఒకప్పుడు ఐబీరియన్ల ఊరుండేది. గుట్ట కింద పాడుబడ్డ ఆలివ్ నూనె మిల్లే ఇప్పుడు వీళ్ళ ప్రయోగశాల.

ఐబీరియన్లంటే ఆషామాషీ జనం కాదు. రోమన్లు ఆ గడప తొక్కకముందే గుట్టలమీద రాతిగోడల పట్నాలు కట్టుకున్నారు. గ్రీకులూ ఫినీషియన్లూ వెండి కోసం ఓడలేసుకుని వస్తే, వాళ్ళ దగ్గరున్న విద్యలు చూసి నేర్చుకున్నారు గాని దేన్నీ ఉన్నదున్నట్టు దించలేదు, తమ చేతివాటానికి మలుచుకున్నారు. సీసపు రేకులమీద సొంత లిపిలో రాసుకున్నారు. ఆ అక్షరాలను ఈనాడు గడగడా చదవొచ్చు, అర్థం మాత్రం ఒక్క ముక్క బోధపడదు. వాళ్ళు ఎక్కణ్ణించి వచ్చారని పండితులు తరతరాలు వాదులాడుకున్నారు. ఆఫ్రికా అన్నవాళ్ళున్నారు, తూర్పు దేశాలన్నవాళ్ళున్నారు. తీరా ఎముకల్ని పరీక్షిస్తే, చాలావరకు ఆ నేలమీదే ఎప్పట్నించో ఉన్న పాతవాళ్ళ సంతతేనని తేలుతోంది. "వాళ్ళు ఎక్కణ్ణించీ రాలేదు. మిగతా అందరం వాళ్ళింటికి వచ్చినవాళ్ళమే" అనేది అంపారో, ఆ మాట అన్నప్పుడల్లా సొంత నాయనమ్మ గురించి చెప్పుకున్నట్టు మురిసిపోతూ.

అంత గొప్పవాళ్ళ బట్ట మాత్రం బతకలేదు. ఊదారంగు అంచున్న తెల్లని చొక్కాలు వేసుకుని యుద్ధానికొచ్చారని రోమన్లు రాసిపెట్టారు. అవి ఎలా నేశారో చూసిన కళ్ళూ లేవు, చెప్పే నోరూ లేదు. మిగిలింది మట్టిబిళ్ళలు. నిలువు మగ్గంలో పడుగు పోగులు బిగువుగా వేలాడడానికి కింద కట్టే బరువులవి. అరచేతిలో ఇమిడే గోపురాల్లా ఉంటాయి, పైన ఒక బెజ్జం. ఈ గుట్టమీద ఒక ఇల్లు తగలబడినప్పుడు ఆ ఇంటి మగ్గమూ తగలబడి, బిళ్ళలన్నీ ఉన్నచోటే రాలాయి. ఆ మంటకే కాలి రాయిలా గట్టిపడ్డాయి.

ఆ బిళ్ళల కోసమే హైమవతి అంత దూరం వచ్చింది. ఆమెది చీరాల. నేత వాళ్ళింట్లో కొట్టినపిండి. తండ్రి వెంకటస్వామి గుంటమగ్గంలో కూర్చుంటే పక్కన ఇద్దరు ఆడపిల్లలూ కండెలు చుడుతూ పెరిగారు. పెద్దది సామ్రాజ్యం మగ్గం దగ్గరే ఉండిపోయింది. చిన్నది హైమవతి చదువులోపడి, మెదడు చేతికి పని ఎలా నేర్పుతుందో పరిశోధించి, చివరికి ఒక యంత్రం తయారుచేసింది. దానికి కరస్మృతి అని పేరు పెట్టుకుంది. ఒక వస్తువును ఏళ్ళతరబడి ఒకే మనిషి వాడితే, ఆ వేళ్ళ ఒత్తిడి, లాగుడు, విసురు అన్నీ కంటికి కనబడని గీతలై దానిమీద ఉండిపోతాయి. కరస్మృతి ఆ గీతలు చదివి, ఆ కదలికల్ని బతికున్న మనిషి చేతికి అంటగడుతుంది. తలకో టోపీ, చేతులకు తొడుగులు, అంతే సరంజామా.

మొదట అంపారో వేసుకుంది. ఏమీ జరగలేదు. ఎన్నడూ మగ్గం ముట్టని చేతులవి, ఆ విద్య అతుక్కోవడానికి అక్కడ ఏమీ లేదు. మామిడి అంటు కట్టాలంటే కింద మామిడి మొక్కే ఉండాలి. అప్పుడు హైమవతి తనే టోపీ పెట్టుకుంది. తొడుగులు తీసిన మరుక్షణం ఆమె చేతులు నిలువు మగ్గంమీదికి వెళ్ళి, పోగుల్ని పుట్టింటివాళ్ళను తడిమినట్టు తడిమాయి. అంపారో ఏడ్చేసింది. ఎప్పుడో బూడిదైపోయిన ఇంటావిడ చేతులు మళ్ళీ పనిలోకొచ్చాయి.

దాని ఖరీదేమిటో ఆ సాయంత్రం తెలిసింది. హైమవతి అద్దెగదిలో ఒక చిన్న చట్రం మగ్గం ఉంది. పని ముగిశాక దానిమీద కాసేపు తండ్రి నేర్పిన నేత నేస్తేగాని ఆమెకు ప్రాణం కుదుటపడేది కాదు. ఆ రోజు కూర్చుంది. ఒక పోగు తెగింది. చూపుడువేలికి కాస్త బూడిద అద్దుకుని, తెగిన కొసలు రెండూ కలిపి ఒక్క మెలి తిప్పితే అతుకు కనబడకూడదు. అది వెంకటస్వామి అతుకు. ఆమెకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ వచ్చిన పని. వేళ్ళు పోగును పట్టుకున్నాయి గాని, ఆ తర్వాత ఏం చెయ్యాలో వాటికి తెలియలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పోగును అటూ ఇటూ మోసే నాడె విసరబోతే అది తటాలున కింద పడింది. కొత్త విద్యకు జాగా కావాలిగా, యంత్రం పాతదాన్ని తుడిచేసి కొత్తదాన్ని కూర్చోబెట్టింది. ఆమె మగ్గంమీద దుప్పటి కప్పేసి, మళ్ళీ దాని వైపు చూడలేదు.

అంత పోగొట్టుకుని తెచ్చుకున్న చెయ్యి ఇప్పుడు సగం బట్టలో ఆగిపోతోంది.

"యంత్రం చదవడంలో పొరపాటు జరిగిందేమో" అంది హైమవతి, ఎలాగో వేళ్ళు విప్పించుకుని.

అంపారో బిళ్ళల్ని డబ్బాల్లోంచి తీసి, తవ్వినప్పటి ఫొటో ముందు పెట్టుకుని, ఆ ఇంట్లో రాలినవి రాలినట్టు నేలమీద వరసగా పేర్చసాగింది. హైమవతి కూడా వంగి కూర్చుంది. బిళ్ళ పచ్చిగా ఉన్నప్పుడు చేసినవాళ్ళు పైన బొటనవేలితో నొక్కి వదిలారు. ఎడమపక్క బిళ్ళలన్నిటిమీదా ఆ నొక్కు వెడల్పుగా, లోతుగా ఉంది. హైమవతి తన బొటనవేలు పెట్టి చూసింది, సరిగ్గా సరిపోయింది. కుడిపక్క బిళ్ళమీద పెడితే వేలు పట్టలేదు.

"ఇది చిన్నపిల్ల వేలు" అంది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చేసిన తప్పు అర్థమైంది. నేత అంటే హైమవతికి ఒక మనిషి, ఒక మగ్గం. తండ్రి అలాగే నేశాడు, తాత అలాగే నేశాడు. అందుకే బిళ్ళలన్నీ ఒక్కరివే అనుకుని, ఒకే కుప్పగా యంత్రంలో పెట్టింది. యంత్రం బలమైన గీతల్నే పట్టుకుని చిన్నవాటిని వదిలేసింది. ఈ మగ్గానికి ఇద్దరు నిలబడాలి. కండెను సగందాకా తెచ్చి ఒకరు అందిస్తే, అవతలివాళ్ళు అందుకోవాలి. చెయ్యి ఆగిపోలేదు, ఆ పిల్ల అందుకుంటుందని చూస్తోంది.

ఈ సంగతి తెలిసేసరికి డబ్బు పెడుతున్న సంస్థవాళ్ళకు కాలు నిలవలేదు. రెండోపక్క బిళ్ళల్ని కూడా చదివించండి, ఇంకో నేతమనిషిని వెతకండి, బట్ట పూర్తిచేయండి అన్నారు. వారం వారం ఫోన్ చేసే సామ్రాజ్యం చెవిన ఆ ముక్క పడనే పడింది.

"నేనుండగా ఇంకోళ్ళెందుకే? ఆ టోపీ ఏదో నాకే పెట్టు. చీరాలలో నా అంత నేతగత్తె ఉంటే చూపించు!"

"అక్కా, అది కాదు..."

"నువ్వు మాట్లాడకు. నేనొస్తన్నా."

హైమవతి అప్పుడే వద్దనాల్సింది. నోరు రాలేదు. ఆ బట్ట చూడాలని ఆమెకూ ప్రాణం కొట్టుకుంటోంది మరి. కాని అక్క కూడా తొడుగులు వేసుకుంటే తండ్రి నేత ఈ లోకంలో ఇంక ఎవరి చేతిలోనూ ఉండదు. తండ్రి పోయాడు, సామ్రాజ్యం కొడుకు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు, కోడలు టీచరు. వచ్చాక నెమ్మదిగా చెబుదాం అనుకుంది.

సామ్రాజ్యం గోంగూర పచ్చడి సీసాలతో దిగింది. అంపారోను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, "అంపారమ్మా, ఎండలో తిరిగి తిరిగి ఎంత నల్లబడిపోయావమ్మా!" అని తెలుగులోనే పరామర్శించింది. అర్థం కాకపోయినా అంపారో ఆమెను కావలించుకుంది. గదికి రాగానే సామ్రాజ్యం కళ్ళు దుప్పటి కప్పిన మగ్గంమీద పడ్డాయి.

"ఇదేంటే, శవానికి కప్పినట్టు?" అని దుప్పటి లాగేసింది. "పోగు తెగి వేలాడతంటే చూస్తా కూర్చున్నావా? అతుకు."

"తర్వాత చేస్తాలే అక్కా."

"తర్వాతేంటి, రెణ్ణిమిషాల పని. రా."

హైమవతి కూర్చుని పోగు కొసలు పట్టుకుంది. కొసలు జారిపోయాయి. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారాయి. సామ్రాజ్యం మొహంలో నవ్వు పోయింది.

"ఏమైందే నీ చేతులకి?"

అప్పుడు అంతా చెప్పింది. సామ్రాజ్యం ఒక్కసారిగా లేచింది.

"నాన్న చెయ్యి పోగొట్టుకున్నావా? ఎవరో ఊరూ పేరూ తెలీని మనిషి కోసం? నాకొక్క మాట చెప్పావా? పైగా నన్ను కూడా రానిచ్చావు!"

"చెప్పాలనే అనుకున్నా..."

"అనుకుంటానే ఉండు!" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. కోపం దిగలేదు గాని కాళ్ళు ఆగలేదు, చెల్లెలి వెనక వచ్చి కూర్చుని ఆమె రెండు చేతులమీదా తన చేతులు వేసింది. "ఇటు పట్టుకో. వేలు మడుచు. ఊఁ, ఇప్పుడు తిప్పు. ఛ, అలా కాదు!"

అక్క వేళ్ళ కింద తన వేళ్ళు మొద్దుల్లా కదులుతుంటే, హైమవతికి ఉన్నట్టుండి ఒక ఆలోచన తట్టింది. ఆ మగ్గానికి రెండోపక్క ఉన్నది చిన్నపిల్ల. చిన్నపిల్లతో కలిసి నేసిందంటే ఆవిడ నేయడమే కాదు, నేర్పుతూ కూడా ఉండాలి. నేర్పిన చేతికి నేర్పడం కూడా అలవాటై ఉంటుంది కదా.

మర్నాడు మిల్లులో అంపారో తొడుగులు బల్లమీద పెట్టి, ముందే గట్టిగా చెప్పేసింది. "ఏం పోతుందో ఈవిడకి తెలియాలి. తెలియకుండా నేను మీట నొక్కను. నా గుట్టంతా తిరిగి మట్టిలో కలిసినా సరే."

"తెలుసు. అయినా తొడుగులు అక్కర్లేదు" అంది హైమవతి. "అక్క ఊరికే ఆ పక్కన నిలబడుతుంది."

"నిలబడి?"

"చూద్దాం. నా చేతుల్లో ఉన్నావిడ నేర్పుతుందేమో."

అంపారో తల అడ్డంగా ఊపింది. "హైమా, నీ చేతుల్లో ఉన్నవి కదలికలు. మనిషి కాదు."

"అవునో కాదో నాకూ తెలియదు. అందుకే చూద్దామంటున్నా."

సామ్రాజ్యం చీరచెంగు దోపుకుని కుడిపక్క నిలబడింది. కూర్చుని నేయడమే ఎరిగిన మనిషి, నిలబడి నేయడమేమిటని ముందే సణుక్కుంది. హైమవతి చేతులు మొదలెట్టాయి. కండె సందులోంచి జారుకుంటూ సగం దాకా వచ్చి ఆగింది. సామ్రాజ్యం అందుకుంది. అందుకుని, అలవాటుగా కిందికి దరువు వెయ్యబోయింది.

హైమవతి ఎడమచెయ్యి గాలిలో లేచి, రెండు వేళ్ళతో సామ్రాజ్యం మణికట్టుమీద టపీమని ఒకటి వేసింది.

"ఓసి నీ అమ్మా కడుపు కాలా! అక్కనని కూడా లేకుండా కొడతావటే?"

"నేను కాదక్కా!" అంది హైమవతి. నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "నేను కాదు, ఆవిడ!"

ఆ చెయ్యి అంతటితో ఊరుకోలేదు. సామ్రాజ్యం చేతిని పట్టుకుని, పేకను, అంటే అడ్డంగా వెళ్ళిన పోగును, పైకి ఎలా కొట్టాలో కొట్టి చూపించింది. ఈ మగ్గంలో బట్ట పైనుంచి కిందికి పెరుగుతుంది, దరువు పైకి పడాలి. సామ్రాజ్యం మళ్ళీ తప్పు చేసింది, మళ్ళీ దెబ్బ పడింది. మూతి ముడుచుకుంది గాని కదల్లేదు. ఊళ్ళో నలుగురి నేత దిద్దిన మనిషి, ఇక్కడ పలక పట్టిన పిల్లలా నిలబడి నేర్చుకుంది. ఎప్పటికో ఒక వరస తప్పు లేకుండా వచ్చింది. అప్పుడు హైమవతి చెయ్యి మగ్గాన్ని వదిలి, సామ్రాజ్యం మొహంమీద పడుతున్న జుట్టును చెవి వెనక్కి సర్ది, మళ్ళీ పోగులమీదికి వెళ్ళింది.

అంపారో మగ్గం దగ్గరికి వచ్చి నిలబడింది. మట్టిబిళ్ళమీద ఏ గీతలోంచి యంత్రం ఆ కదలికను చదివిందో హైమవతికి ఇప్పటికీ తెలియదు.

వేసవి అంతా అలాగే గడిచింది. తెల్లని అవిసెనార బట్ట, అంచున ఊదారంగు అలలు, అలల మధ్య తీగ. కుండలమీద ఐబీరియన్లు గీసుకున్న తీగే అది. అంపారో ఆ తీగను జీవితమంతా కుండపెంకులమీద చూసింది, బట్టమీద చూస్తాననుకోలేదు. సామ్రాజ్యానికి చరిత్ర తెలియదు గాని అంచు తెలుసు. "అమ్మో, ఏం అంచే ఇది! తిరగేసినా బొమ్మ అదే! ఈ మనుషులు మామూలోళ్ళు కాదు" అని పొద్దస్తమానం అనేది. కొన్నాళ్ళకు చేతిమీద దెబ్బలు పడడం మానేశాయి. ఇంకొన్నాళ్ళకు హైమవతి చేతులు వెనక్కి తగ్గి, కష్టమైన వరసలు కూడా సామ్రాజ్యానికే వదిలేయసాగాయి. ఒక సాయంత్రం సామ్రాజ్యం గదిలోని చిన్న మగ్గంమీద నాన్న నేత నేసి చూసుకుంది. ఒక్క పోగు తేడా లేదు. యంత్రం ఒకటి తీసి ఒకటి పెట్టింది. ఆవిడ మాత్రం సామ్రాజ్యం చేతిలో ఉన్నదాన్ని ముట్టుకోకుండా దాని పక్కనే తన విద్య పెట్టింది.

బట్ట మగ్గంమీంచి దిగింది. పత్రికలవాళ్ళు వచ్చారు, సంస్థ పెద్దలు వచ్చి చప్పట్లు కొట్టారు. తర్వాత హైమవతిని పక్కకు పిలిచి, ఆ చేతుల్ని జాగ్రత్తగా కాపాడుకోవాలన్నారు. అక్కకు వచ్చింది నేర్చుకున్న విద్య, అసలు ఐబీరియన్ చేతులు లోకంలో ఇవే. పాత నేత మళ్ళీ నేర్చుకోవద్దు. నేర్చుకుంటే అది తన జాగా తాను అడుగుతుంది, ఇది చెరిగిపోతుంది. ఆ మాట నిజమేనని యంత్రం చేసిన మనిషిగా హైమవతికి తెలుసు.

"ఏం చేస్తావు?" అంది అంపారో, వాళ్ళు వెళ్ళిపోయాక.

"నువ్వేమంటావు?"

"నన్నడక్కు. నేను ఆ ఐబీరియన్లని ప్రేమించినదాన్ని. నాకు న్యాయం ఎక్కడ కనబడుతుంది?"

హైమవతి గదికి వెళ్ళి చిన్న మగ్గంముందు కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపు చూసింది. ఈ చేతులు తనను కొట్టలేదు, అక్కను కొట్టాయి. అక్క జుట్టు సర్దాయి. ఎవరింటి ఆవిడో, పేరు కూడా తెలియదు. ఇల్లు తగలబడిన రోజున ఆ పిల్లకి ఎంతవరకు నేర్పిందో, పిల్ల బతికి బయటపడిందో లేదో తెలియదు. సగంలో ఆగిన పాఠం మాత్రం ఈ వేసవిలో పూర్తయింది. చెప్పాల్సింది చెప్పేసిన మనిషిని అద్దాలపెట్టెలో బొమ్మలా పట్టి ఉంచడం హైమవతికి మనసొప్పలేదు.

"అక్కా, రా. నేర్పు" అంది.

సామ్రాజ్యం వచ్చి వెనక కూర్చుంది. ఆ రోజు అతుకు రాలేదు. మర్నాడూ రాలేదు. హైమవతి వేళ్ళు బూడిదతో నల్లబడ్డాయి, ఒరుసుకుపోయాయి. తర్వాతొక ఉదయం, కిటికీలోంచి ఎండ సరిగ్గా మగ్గంమీద పడుతుండగా, పోగు కొసలు రెండూ కలిసి, మెలి తిరిగి, నిలిచాయి. లాగి చూసింది. ఊడలేదు. అతుకు ఎక్కడుందో ఆమెకే కనబడలేదు.

వెంటనే లేచి మిల్లుకు పరిగెత్తింది. నిలువు మగ్గంముందు నిలబడింది. చేతులు పక్కన వేలాడుతూ ఉండిపోయాయి. ఏ పోగును ముట్టాలో వాటికి తెలియదు. తిరిగొచ్చి అక్క పక్కన చతికిలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

"వెళ్ళిపోయిందక్కా ఆవిడ."

"ఏడువు, కాసేపు ఏడువు" అంది సామ్రాజ్యం. చెల్లెలి వీపు నిమిరింది. ఏడుపు కాస్త నెమ్మదించాక నాడె ఆమె చేతిలో పెట్టింది. "ఇంక నెయ్యి. నాన్న విసురు గుర్తుందా?"

హైమవతి కళ్ళు తుడుచుకుని నాడె విసిరింది. మరీ బలంగా విసిరింది, అంచు ముడుచుకుపోయింది.

రెండు వేళ్ళు వచ్చి ఆమె మణికట్టుమీద టపీమని పడ్డాయి.

హైమవతి ఉలిక్కిపడి తిరిగి చూసింది. సామ్రాజ్యం పుట్టి బుద్ధెరిగి ఏనాడూ ఎవరికీ అలా నేర్పలేదు. తిట్టేది, అరిచేది, చెయ్యి మాత్రం ఎత్తేది కాదు. ఇప్పుడు కూడా తనేం చేసిందో ఆమెకు తెలిసినట్టు లేదు. ముడుచుకున్న అంచును సరిచేస్తూ, దానివైపే చూస్తోంది.

"మళ్ళీ విసురు" అంది. "ఈసారి మెల్లిగా."